ఇంటి రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ: ఏది కొనాలి, ఎలా పెట్టాలి, మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఇంట్లో ఉన్న రౌటర్‌కి కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం ఆపేసి చాలా కాలమైంది. సాయంత్రం ఒకరి ఫోన్ ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కుతుంటే ఇంకొకరి వీడియో కాల్ ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, కోడ్ అందరికీ తెరిచి ఉండేది) వేస్తే బాగుపడుతుందని ఎవరో చెప్పారు. ఉన్నదాంట్లో వేయాలా, కొత్తది కొనాలా, కొంటే ఏది కొనాలి, వేసేటప్పుడు పాడైతే ఎలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. వేయండి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేయండి. అది రౌటర్ల కోసం లినక్స్ మీద కట్టిన ఉచిత ఫర్మ్‌వేర్. మీ దగ్గరున్న రౌటర్‌కి 16 ఎంబీ ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ ఉండే మెమరీ), 128 ఎంబీ ర్యామ్ ఉండి, దాని సరిగ్గా అదే హార్డ్‌వేర్ వెర్షన్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సపోర్ట్ జాబితాలో కనిపిస్తే దాంట్లోనే వేసుకోండి. లేకపోతే మీడియాటెక్ ఫిలాజిక్ చిప్ ఉన్న వైఫై 6 రౌటర్ ఒకటి కొనండి. అయితే కొనేముందు ఒక విషయం తేల్చుకోండి: ఏదైనా తేడా వస్తే ఆ రౌటర్‌ని మళ్లీ బతికించే దారి ఏమిటి? ఆ దారి తెలియని రౌటర్ ఎంత గొప్పదైనా నేను ముట్టుకోను. ఇక మీ వీడియో కాల్ సంగతి. అది చాలావరకు రౌటర్ స్పీడ్‌కి సంబంధించింది కాదు. దానికి మందు ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్, కింద వివరంగా రాస్తాను.

నేను పదమూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నా ఇల్లు, చుట్టాల ఇళ్లు, ఒకటి రెండు చిన్న ఆఫీసులు కలిపి ముప్పైకి పైగా రౌటర్లలో వేసి ఉంటాను. కింద రాసేవన్నీ ఆ అనుభవంలోంచి వచ్చినవే.

డబ్బా మీద రాసింది చూసి కొనకండి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు చూసేది యాంటెన్నాలు ఎన్ని, డబ్బా మీద అంకె ఎంత పెద్దది అని. ఏఎక్స్3000, ఏఎక్స్6000 లాంటి అంకెలు అన్ని బ్యాండ్‌ల గరిష్ఠ వేగాలను కలిపి వేసిన మొత్తం. ఏ ఒక్క ఫోన్‌కీ ఆ వేగం అందదు. మన పనికి కావాల్సిన సమాచారం డబ్బా మీద ఉండదు, రౌటర్ అడుగున అంటించిన లేబుల్ మీద ఉంటుంది: మోడల్ పేరు, దాని పక్కన చిన్నగా వెర్షన్ నంబర్.

ఆ చిన్న నంబర్ విలువ నాకు ఒకసారి బాగా తెలిసొచ్చింది. మా ఇంట్లో ఒక మోడల్ మూడేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. అదే నమ్మకంతో మా పిన్ని వాళ్లింటికి అదే పేరున్నది తెప్పించాను. పేరు అదే, డబ్బా అదే, బయటి ప్లాస్టిక్ కూడా అదే. ఫైల్ ఎక్కించబోతే తీసుకోలేదు. లేబుల్ చూస్తే నాది రెండో వెర్షన్, ఇది నాలుగోది. లోపల చిప్ వేరే కంపెనీది, ఫ్లాష్ సగానికి తగ్గింది. అది వాపస్ ఇచ్చి ఇంకోటి తెప్పించడానికి రెండు వారాలు పట్టింది, అన్నాళ్లూ పిన్ని వాళ్లు పాత డబ్బాతోనే సర్దుకున్నారు.

ఈ తంతు కొత్తది కాదు. అసలు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టిందే లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ వల్ల. అందులో లినక్స్ నడుస్తోందని 2003లో జనం కనిపెట్టారు. లినక్స్ లైసెన్స్ ప్రకారం కంపెనీ సోర్స్ కోడ్ బయట పెట్టాల్సి వచ్చింది. దాన్ని పట్టుకుని 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. అదే రౌటర్ అయిదో వెర్షన్‌కి వచ్చేసరికి లినక్స్ తీసేసి, ఫ్లాష్ 4 ఎంబీ నుంచి 2కి, ర్యామ్ 16 నుంచి 8కి తగ్గించారు. పేరు మాత్రం మారలేదు. లినక్స్ కావాలనేవాళ్ల కోసం చివర ఎల్ చేర్చి ఇంకో మోడల్ విడిగా అమ్మారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా నియమం ఒకటే: పేరు నమ్మొద్దు, వెర్షన్ నమ్మండి.

కాబట్టి కొనే వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సైట్‌లోని హార్డ్‌వేర్ పట్టిక తెరవండి. ఇప్పటి స్టేబుల్ విడుదలలో సపోర్ట్ ఉన్నవాటిని వేరుచేయండి. స్నాప్‌షాట్‌లో (ఇంకా తయారీలో ఉన్న రూపం) మాత్రమే ఉందని రాసి ఉంటే మొదటి రౌటర్‌గా అది వద్దు. తర్వాత ఆ మోడల్ పేజీ మొత్తం చదవండి, ముఖ్యంగా ఇన్‌స్టాల్ చేసే పద్ధతి, రికవరీ పద్ధతి. మూత విప్పి సీరియల్ వైర్లు అతికించాలని ఉంటే వదిలేయండి. కంపెనీ సెట్టింగ్స్ పేజీలోంచే ఫైల్ ఎక్కించొచ్చని, పాడైతే రీసెట్ బటన్ నొక్కిపెట్టి తిరిగి తెచ్చుకోవచ్చని ఉన్నదాన్ని ఎంచుకోండి. ఇదంతా అయ్యాకే వెళ్లి కొనండి.

చిప్ ఎవరిది అన్నది ఎందుకంత ముఖ్యం

ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్‌కి అసలు పరీక్ష వైఫై డ్రైవర్ దగ్గర ఉంటుంది. మీడియాటెక్ వైఫై చిప్‌లకు ఎంటీ76 అనే ఓపెన్ డ్రైవర్ ఉంది, దాని మీద పని ఆగకుండా సాగుతోంది. క్వాల్‌కామ్‌లో పాత అథెరోస్ చిప్‌లు ఏళ్ల తరబడి బంగారంలా పనిచేశాయి. తర్వాత వచ్చినవి కూడా నడుస్తాయి కానీ మోడల్‌ను బట్టి చూసుకోవాలి. బ్రాడ్‌కామ్ వైఫై ఉన్న రౌటర్ మాత్రం ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కోసం కొనకండి. దాని కొత్త చిప్‌లకు సరైన ఓపెన్ డ్రైవర్ లేదు. రౌటర్ బూట్ అవుతుంది, కేబుల్ మీద పనిచేస్తుంది, వైఫై మాత్రం సగం సగంగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఇప్పటికే అలాంటిది ఇంట్లో ఉంటే ఫ్రెష్‌టొమాటో గానీ డీడీ-డబ్ల్యూఆర్‌టీ గానీ మీ మోడల్‌కి ఉందేమో చూడండి. అవి బ్రాడ్‌కామ్ కంపెనీ ఇచ్చే మూసిన డ్రైవర్‌నే వాడుకుంటాయి కాబట్టి వాటిలో వైఫై నడుస్తుంది.

ఫిలాజిక్ వరుసలో ఎంటీ7981 అనే చిప్‌లో రెండు కోర్లు, ఎంటీ7986లో నాలుగు కోర్లు ఉంటాయి. మామూలు ఇంటికి మొదటిది సరిపోతుంది. ఇంటర్నెట్ లైన్ వేగం చాలా ఎక్కువైనా, రౌటర్ మీదే వీపీఎన్ లాంటివి నడపాలన్నా రెండోది తీసుకోండి. అంతకు ముందు తరం ఎంటీ7621 చిప్ ఉన్న రౌటర్లు ఇప్పటికీ లెక్కలేనన్ని ఇళ్లలో నడుస్తున్నాయి. గట్టివే, కానీ ఎస్‌క్యూఎం ఆన్ చేస్తే కొన్ని వందల ఎంబీపీఎస్ దగ్గర ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది.

మెమరీ విషయానికి వస్తే 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాత రౌటర్లకు కాలం చెల్లింది. 8, 64 ఉన్నవి ఇప్పుడు అంచున ఉన్నాయి. కొత్తగా కొనేదానికి కనీసం 128 ఎంబీ ఫ్లాష్, 256 ఎంబీ ర్యామ్ చూడండి. అంత ఎందుకంటారేమో, ప్రతి కొత్త విడుదలతో లినక్స్ కెర్నెల్ కొంచెం పెరుగుతూనే ఉంటుంది. ఇవాళ బొటాబొటిగా సరిపోయింది మూడేళ్ల తర్వాత సరిపోదు. అప్పుడు మీరు మళ్లీ అప్‌డేట్లు రాని రౌటర్‌తోనే మిగులుతారు.

ఈ ఎంపిక గొడవంతా వద్దనుకుంటే రెండు సులువైన దారులున్నాయి. జీఎల్ ఐనెట్ కంపెనీ రౌటర్లలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఆధారంగా చేసిన ఫర్మ్‌వేరే వస్తుంది. చాలా మోడళ్లలో అసలు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కూడా నేరుగా వేసుకోవచ్చు. రెండోది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్. ఇది 2024 చివర్లో ఆ ప్రాజెక్టు పేరుతోనే వచ్చింది. ఎంటీ7981 చిప్, 1 జీబీ ర్యామ్ ఉన్నాయి. నాకు అందులో నచ్చింది ఫ్లాష్ చిప్‌లు రెండు విడివిడిగా పెట్టడం. పెద్దదాంట్లో ఉన్నది పాడైతే చిన్నదాంట్లోని రికవరీతో లేపుకోవచ్చు. నేర్చుకునేవాళ్లకి దానంత భరోసా ఇచ్చే రౌటర్ ఇంకోటి చూడలేదు. ఒక్క లోటు, పోర్టులు రెండే ఉంటాయి. కేబుల్ పెట్టే పరికరాలు ఎక్కువుంటే పక్కన ఒక స్విచ్ పెట్టుకోవాలి.

ఫ్లాష్ చేసేముందు

ఫ్లాష్ చేయడమంటే కొత్త ఫర్మ్‌వేర్ ఫైల్‌ను రౌటర్‌లోకి ఎక్కించడం. దానికి ఒక పూట ఖాళీ చూసుకోండి. ఇంట్లో ఎవరికీ మీటింగ్, పరీక్ష లేని రోజైతే టెన్షన్ ఉండదు. ల్యాప్‌టాప్‌లో ఈ ఫైళ్లు ముందే దించి పెట్టుకోండి: మీ వెర్షన్‌కి సంబంధించిన ఫ్యాక్టరీ ఇమేజ్, సిస్అప్‌గ్రేడ్ ఇమేజ్, కంపెనీ అసలు ఫర్మ్‌వేర్, మోడల్ పేజీ మొత్తం సేవ్ చేసిన కాపీ. రౌటర్ ఆగిపోతే ఇంట్లో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఆ పేజీని అప్పుడు తెరవలేరు. ఫోన్‌లో డేటా ఉందిలే అనుకుంటాం, కానీ కంగారులో చిన్న స్క్రీన్ మీద చదువుతూ ల్యాప్‌టాప్‌లో టైప్ చేయడం మంచి పద్ధతి కాదు.

ఫ్యాక్టరీ ఇమేజ్ కంపెనీ ఫర్మ్‌వేర్ నుంచి మొదటిసారి మారడానికి. సిస్అప్‌గ్రేడ్ ఇమేజ్ ఇప్పటికే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉన్న రౌటర్‌లో కొత్త విడుదల వేయడానికి. ఇవి రెండూ తారుమారు చేయడమే నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ. దించిన ఫైల్ షా256 అంకెను (ఫైల్ చెడకుండా వచ్చిందో లేదో చెప్పే గుర్తు) సైట్‌లో ఉన్నదాంతో పోల్చి చూడండి, నిమిషం పని.

ల్యాన్ కేబుల్‌తోనే చేయండి, వైఫై మీద వద్దు. రౌటర్‌ని యూపీఎస్ మీద పెట్టండి. ఫైల్ రాస్తున్న ఆ రెండు మూడు నిమిషాల్లో కరెంటు పోతే వచ్చేదే అసలైన బ్రిక్, అంటే రౌటర్ ఇటుకరాయిలా పనికిరాకుండా పోవడం. ఫ్లాష్ మొదలయ్యాక లైట్లు ఆగిపోయినా, స్క్రీన్ కదలకపోయినా పది నిమిషాలు చేయి పెట్టకండి. ఆత్రంగా ప్లగ్ పీకేసి పాడుచేసుకున్నవాళ్లను చూశాను. పీకకుండా ఉండుంటే ఇంకో నిమిషంలో అదే లేచేది.

రికవరీ పద్ధతిని ఒకసారి నోటితో చెప్పుకోండి. రీసెట్ బటన్ ఎంతసేపు నొక్కాలి, ల్యాప్‌టాప్‌కి ఏ ఐపీ పెట్టాలి, ఫైల్ పేరు ఏమని ఉండాలి. టీఎఫ్‌టీపీ (కేబుల్ మీద ఫైల్ పంపే సాదా పద్ధతి) మీద ఆధారపడే రౌటర్లలో బూట్‌లోడర్ (ఫర్మ్‌వేర్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రాం) ఒక ఖచ్చితమైన ఐపీ దగ్గర, ఒక ఖచ్చితమైన పేరున్న ఫైల్ కోసమే వెతుకుతుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా దొరకదు. కొన్ని రౌటర్లలో బూట్‌లోడర్ సొంతంగా చిన్న వెబ్ పేజీ చూపిస్తుంది, అది ఇంకా సులువు.

ఒక ఊరట మాట కూడా చెప్పాలి. బ్రిక్ అయిందని నన్ను పిలిచినవాటిలో నిజంగా చచ్చిపోయినవి రెండే. మిగతా అన్నిట్లో ఫర్మ్‌వేర్ బాగానే ఉంది, సెట్టింగ్ తప్పుగా పెట్టి లోపలికి వెళ్లే దారి మూసుకున్నారు, అంతే. అలాంటప్పుడు ఫెయిల్‌సేఫ్ మోడ్ ఉంది. రౌటర్ ఆన్ చేసి, బూట్ అవుతుండగా లైట్ వేగంగా మినుకుమన్నప్పుడు రీసెట్ బటన్ నొక్కితే మీ సెట్టింగ్స్ ఏవీ లోడ్ కాకుండా లేస్తుంది. ల్యాప్‌టాప్‌కి 192.168.1.2 అని చేత్తో పెట్టుకుని, 192.168.1.1కి ఎస్ఎస్‌హెచ్ (కమాండ్లు టైప్ చేసే దారి) అవండి. అక్కడ తప్పు సరిదిద్దుకోవచ్చు, లేదా అన్నీ చెరిపి మొదటి నుంచి మొదలుపెట్టొచ్చు. ఏ గొడవా లేని రోజునే ఒకసారి కావాలని ఫెయిల్‌సేఫ్‌లోకి వెళ్లి రండి. నేను కొత్త రౌటర్ ఏది పెట్టినా ముందు ఈ పని చేస్తాను, ఆ తర్వాతే వైఫై పేరు పెడతాను.

మొదటిసారి లేచాక

చాలామంది ఇక్కడ భయపడతారు: ఫ్లాష్ అయింది కానీ వైఫై కనిపించదు. పాడవలేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మామూలుగా వైఫై ఆపేసి ఉంచుతుంది, ఎందుకంటే పాస్‌వర్డ్ లేని వైఫై గాల్లోకి వదలడం ప్రమాదం. కేబుల్ పెట్టి బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిస్తే లూసీ అనే సెట్టింగ్స్ పేజీ వస్తుంది. యూజర్ రూట్, పాస్‌వర్డ్ ఖాళీ. మొట్టమొదట పాస్‌వర్డ్ పెట్టండి.

తర్వాత ఇంటర్నెట్. ఫైబర్ పెట్టినవాళ్లు ఇచ్చిన పెట్టెను మార్చకండి, దాంట్లో ఏమీ ఫ్లాష్ చేయకండి. మీ రౌటర్ దాని వెనక ఉంటుంది. ఆ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (తను రౌటర్ పని చేయకుండా లైన్‌ను నేరుగా మీ రౌటర్‌కి వదిలే పద్ధతి) పెట్టించగలిగితే మీ రౌటర్‌లోనే పీపీపీఓఈ (లైన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్, పాస్‌వర్డ్ ఇవ్వండి. కొన్ని లైన్లకు వీల్యాన్ నంబర్ కూడా కావాలి, ముందే అడిగి రాసి పెట్టుకోండి. బ్రిడ్జ్ కుదరకపోతే డీహెచ్‌సీపీ (చిరునామా దానంతటదే అందే పద్ధతి) మీద వదిలేయండి. రెండుసార్లు న్యాట్ (చిరునామా మార్పిడి) అవుతుంది, మామూలు వాడకానికి ఇబ్బంది లేదు. అయితే ఒక చిక్కుంది. ఆ పెట్టె కూడా 192.168.1.1 మీదే ఉంటే రెండూ ఒకే చిరునామా పట్టుకుని కొట్టుకుంటాయి, ఇంటర్నెట్ రాదు. మీ రౌటర్ ల్యాన్ చిరునామాను 192.168.2.1కి మార్చండి. ఈ ఒక్క మార్పుతో బాగైపోయిన ఇళ్లు నాకు అయిదారు గుర్తున్నాయి.

వైఫైలో ముందు దేశం కోడ్ సరిగ్గా పెట్టండి. ఏ ఛానెల్స్ వాడొచ్చో, ఎంత పవర్ పంపొచ్చో దాన్నిబట్టే ఉంటుంది. కోడ్ మార్చి పవర్ పెంచుకోమనే సలహాలు దొరుకుతాయి, వినకండి. చట్టం సంగతి అటుంచితే, రౌటర్ గట్టిగా అరిచినా ఫోన్ గొంతు పెరగదు. ఫోన్ చెప్పేది రౌటర్‌కి వినపడకపోతే ఫలితం లేదు.

2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11లో ఏదో ఒక ఛానెల్, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు చాలు. 5 గిగాహెర్ట్జ్‌లో 80 పెట్టండి. అక్కడ కొన్ని ఛానెల్స్ రాడార్లతో పంచుకునేవి. అవి ఎంచుకుంటే రౌటర్ ఆన్ అయ్యాక కనీసం నిమిషం సేపు విని, రాడార్ లేదని తేలాకే వైఫై మొదలుపెడుతుంది. అది తెలియక పాడైందనుకుని పదేపదే రీస్టార్ట్ చేస్తుంటారు. భద్రతకు డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 మిక్స్డ్ మోడ్ చాలామందికి సరిపోతుంది. పాత ప్రింటర్లు, చవక స్మార్ట్ బల్బులు మిక్స్డ్‌కి కూడా కనెక్ట్ కాక మొరాయిస్తే వాటి కోసం 2.4లో డబ్ల్యూపీఏ2తో విడిగా ఇంకో పేరు పెట్టండి.

ఆ పేరును వేరే నెట్‌వర్క్‌గా, సొంత ఫైర్‌వాల్ జోన్‌తో పెడితే ఇంకా మంచిది. ఆ బల్బులు ఇంటర్నెట్‌కి వెళ్తాయి, మీ ల్యాప్‌టాప్ వైపు చూడలేవు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది: జోన్ ఇన్‌పుట్‌ను రిజెక్ట్ అని పెట్టి, డీహెచ్‌సీపీకి, డీఎన్ఎస్‌కి అనుమతి ఇవ్వడం మర్చిపోతారు. అప్పుడు పరికరానికి ఐపీ దొరకదు, ఎంతసేపూ కనెక్టింగ్ అంటూనే ఉంటుంది. 67, 53 పోర్టులకు విడిగా రెండు రూల్స్ రాస్తే తీరిపోతుంది.

మీ వీడియో కాల్ సంగతి

ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మీ అసలు బాధ ఇదే.

లైన్ మీద వేగం తక్కువై కాల్ ఆగడం ఒక రకం. వేగం ఉండి కూడా ఆగడం ఇంకో రకం. మీది రెండోదని నాకనిపిస్తోంది. ఫోన్ ఫొటోలు పంపుతుంటే అప్‌లోడ్ నిండిపోతుంది. మోడెమ్ వచ్చిన ప్యాకెట్లన్నిటినీ పారేయకుండా పెద్ద వరుసలో నిలబెడుతుంది. మీ మాట ఉన్న చిన్న ప్యాకెట్ ఆ ఫొటోల వెనక, క్యూ చివర నిలబడాలి. వంతు వచ్చేసరికి అర సెకను గడిచిపోతుంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. ఇంకా పెద్ద ప్లాన్‌కి మారితే క్యూ కొంచెం ఆలస్యంగా నిండుతుంది, అంతే.

ఎస్‌క్యూఎం చేసే పని ఏమిటంటే, ఆ వరుసను మోడెమ్ దగ్గర కాకుండా మీ రౌటర్ దగ్గరే ఏర్పడేలా చేయడం. లైన్ వేగం కంటే కొంచెం తక్కువకు రౌటర్ తనను తాను కట్టేసుకుంటుంది. దాంతో మోడెమ్‌లో క్యూ పేరుకోదు. రౌటర్‌లో కేక్ అనే పద్ధతి ఒక్కో కనెక్షన్‌కి విడి వరుస పెట్టి, వంతులవారీగా పంపుతుంది. మీ మాట ప్యాకెట్ ఫొటోల వెనక కాక తన సొంత వరుసలో ముందే ఉంటుంది. కేక్ 2018లో లినక్స్ కెర్నెల్‌లోకే చేరింది. అంతకు ముందు నుంచీ ఎఫ్‌క్యూ కోడెల్ ఉంది, పాత రౌటర్లకు అదే తేలిక. వీటి కోసం ఏళ్ల తరబడి పోరాడిన డేవ్ టాట్ 2025లో కన్నుమూశారు. ఇవాళ ఎన్నో ఇళ్లలో కాల్స్ సాఫీగా సాగుతున్నాయంటే అందులో ఆయన పాత్ర చాలా ఉంది.

పెట్టే పద్ధతి: ఎస్‌క్యూఎం ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయండి. కేబుల్ మీద, ఇంట్లో ఇంకెవరూ వాడని వేళ, రెండు మూడుసార్లు వేగం కొలవండి. వచ్చినవాటిలో తక్కువదాన్ని తీసుకుని దానిలో 90 శాతం డౌన్‌లోడ్‌కి, 90 శాతం అప్‌లోడ్‌కి ఇవ్వండి. వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) ఇంటర్‌ఫేస్ మీద పెట్టండి, పీపీపీఓఈ వాడితే ఆ పీపీపీఓఈ ఇంటర్‌ఫేస్ మీద. క్యూ పద్ధతి కేక్, స్క్రిప్ట్ పీస్ ఆఫ్ కేక్. తర్వాత ఒక కిటికీలో పింగ్ (జవాబు ఎంతసేపటికి వస్తుందో కొలిచేది) నడుస్తుండగా పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేసి చూడండి. మా ఇంట్లో ఏ బరువూ లేనప్పుడు పింగ్ 12 మిల్లీసెకన్లు ఉండేది, అప్‌లోడ్ మొదలైతే 400 దాటేది. ఎస్‌క్యూఎం పెట్టాక అప్‌లోడ్ నడుస్తున్నా 20 దాటడం లేదు. మీకు ఇంకా పెరుగుతుంటే 85కి తగ్గించి చూడండి. వేగంలో పదో వంతు వదులుకుంటున్నామని బాధపడకండి, ఆ పదో వంతుతో మీరు కొనుక్కుంటున్నది ఆగని కాల్.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫైర్‌వాల్ పేజీలో హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడ్ అని ఒకటి కనిపిస్తుంది. అది ఆన్ చేస్తే ప్యాకెట్లు ప్రాసెసర్ దాకా రాకుండా పక్కదారిలో పోతాయి, ఎస్‌క్యూఎం చేతికి చిక్కవు. రెండిట్లో ఒకటే పెట్టుకోవాలి. మీ ఇంటికి ఎస్‌క్యూఎం.

అప్‌డేట్లు

కంపెనీ అప్‌డేట్లు ఆపిందనే కదా ఇదంతా. 2017లో డబ్ల్యూపీఏ2లో క్రాక్ అనే లోపం బయటపడ్డప్పుడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కుటుంబంలో రెండు మూడు రోజుల్లోనే మరమ్మతు విడుదలైంది. ఎన్నో కంపెనీల రౌటర్లకు అది ఎప్పటికీ రాలేదు. మరుసటి ఏడు వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ కనీసం 5 లక్షల పరికరాల్లోకి చొరబడింది, వాటిలో ఎక్కువ ఇలాంటి రౌటర్లే. కానీ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసి మూడేళ్లు ముట్టుకోకపోతే మీరు ఉన్నచోటే ఉన్నట్టు. రెండు మూడు నెలలకోసారి కొత్త విడుదల ఉందేమో చూడండి.

అప్‌డేట్ చేసేటప్పుడు ప్యాకేజీలను ఒక్కొక్కటిగా అప్‌గ్రేడ్ చేయకండి. కంప్యూటర్‌లో అలవాటైనవాళ్లు ఇక్కడా అదే చేస్తారు. రౌటర్‌లో పాత ప్యాకేజీ చదవడానికి మాత్రమే వీలున్న భాగంలో ఉంటుంది, కొత్తది దాని పైన ఇంకో కాపీగా చేరుతుంది. జాగా నిండిపోతుంది, పైగా కొన్ని కొత్తవి, కొన్ని పాతవి కలిసి పొసగవు. అటెండెడ్ సిస్అప్‌గ్రేడ్ వాడండి. అది మీరు అదనంగా వేసిన ప్యాకేజీలతో సహా కొత్త ఇమేజ్ తయారుచేయించి ఎక్కిస్తుంది. ముందుగా సెట్టింగ్స్ బ్యాకప్ దించుకోండి. పెద్ద విడుదలకు మారేముందు దాని నోట్స్ చదవండి. 21.02 విడుదలలో చాలా రౌటర్లలో స్విచ్ పోర్టుల పద్ధతే మారిపోయింది, అలాంటివాటిలో పాత సెట్టింగ్స్ ఉంచితే పనిచేయలేదు.

లూసీని, ఎస్ఎస్‌హెచ్‌ను ఇంటర్నెట్ వైపు తెరవకండి. బయట నుంచి ఇంట్లోకి రావాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోండి.

ఎవరికి వద్దంటాను

ఫోన్ యాప్‌తోనే అన్నీ నడవాలనుకునేవాళ్లకి, కంపెనీ మెష్ సెట్ (ఇల్లంతా కలిసి పనిచేసే రెండు మూడు రౌటర్ల సెట్) కొనుక్కుని సుఖంగా ఉన్నవాళ్లకి, తేడా వస్తే చూసే మనిషి లేని ఇంటికి నేను వేయను. మా పెద్దనాన్న ఇంట్లో అందుకే వేయలేదు, అప్‌డేట్లు క్రమంగా వచ్చే మామూలు రౌటర్ పెట్టించి దూరంగా ఉన్నాను. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేస్తే కంపెనీ యాప్ పోతుంది, దాని మెష్ పోతుంది, కొన్ని మోడళ్లలో వైఫై గరిష్ఠ వేగం కొంచెం తగ్గొచ్చు. ఇవి తెలిసే దిగండి.

గోడలు దాటి సిగ్నల్ రాకపోతే ఫర్మ్‌వేర్ ఏమీ చేయలేదు. దూరపు గదికి ఒక ల్యాన్ కేబుల్ లాగి, అక్కడ రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెట్టండి. మీ పాత రౌటర్ సపోర్ట్ జాబితాలో ఉంటే, కొత్తది కొన్నా దాన్ని ఈ పనికి వాడుకోవచ్చు. ల్యాన్ చిరునామా మొదటిదాని వరుసలోనే వేరేది ఇవ్వండి, ఉదాహరణకు మొదటిది 192.168.2.1 అయితే దీనికి 192.168.2.2. డీహెచ్‌సీపీ ఆపేయండి. కేబుల్‌ను వ్యాన్‌లో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండిట్లో ఒకటే, ఛానెల్ మాత్రం వేర్వేరు.

అంతా అయ్యాక ప్రతి రౌటర్ అడుగున ఒక కాగితం అంటించండి. దాని మీద ల్యాన్ చిరునామా, వేసిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వెర్షన్, తేదీ, ఫెయిల్‌సేఫ్‌కి ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో రాయండి. సెట్టింగ్స్ బ్యాకప్ ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా. పోయినసారి మా ఇంట్లో రౌటర్ ఆగిపోయినప్పుడు నేను ప్రయాణంలో ఉన్నాను, మా అమ్మాయి ఆ కాగితం చూసి ఇరవై నిమిషాల్లో తనే లేపుకుంది.